గోల్డ్ కొనే తమ్ముళ్లకు మీ సీసాల అన్న రాసేది

ఆన్‌లైన్ ఆటలో మన జట్టు, అంటే మన క్లాన్‌లోని తమ్ముళ్లకూ, ఇద్దరు చెల్లెళ్లకూ,

పేర్లు రాయను. ఎవరి గురించో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పోయిన శనివారం రాత్రి వాయిస్ చాట్‌లో మీలో ఒకడు, "అన్నా, ఐదొందలు యూపీఐ కొడితే పావుగంటలో గోల్డ్ వచ్చి పడుతుంది. నువ్వింకా ఆ సీసాలు కలుపుకుంటూ కూర్చున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఖాళీ సీసాలు కొంటాం, పాత ఇనుము కొంటాం" అని ఇంకొకడు అరిచాడు. ఆటలో మందు సీసాలు కొని అమ్ముతుంటాను కదా, ఆ రాత్రి నుంచి నా పేరు సీసాల అన్న. పేరు బాగానే ఉంది, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ ఐదొందలతోనే, అసలు రూపాయలిచ్చి ఆటలో చెల్లే నాణేలు, అంటే గోల్డ్, కొనడంతోనే. చాట్‌లో చెబితే మళ్లీ నవ్వులాటలో కొట్టుకుపోతుంది. పైగా వేరే క్లాన్లలో మన తెలుగు పిల్లలు కూడా ఇదే పని చేస్తున్నారని విన్నాను. అందుకే అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల చేతికి ఈ లేఖ వస్తే, వాళ్ల కోసం రెండు ముక్కలు. మేం ఆడేది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌లోని జాగెక్స్ అనే కంపెనీ, తన ఆట 2007లో ఎలా ఉండేదో ఆ రూపాన్నే 2013 ఫిబ్రవరిలో మళ్లీ బయటికి తెచ్చింది. బొమ్మలు చూస్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. రాక్షసుల్ని చంపే పని ఎంత ఉంటుందో చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, తోళ్లు పదును చేయించడం, మందులు కలపడం కూడా అంతే ఉంటుంది. ఇలా పోగైన సరుకంతా వారాక్ నగరానికి వాయవ్యాన ఉండే గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌కి చేరుతుంది. మేం జీఈ అంటాం. కొనేవాడు ఒక రేటు వేసి వదిలేస్తాడు, అమ్మేవాడు ఒక రేటు వేసి వదిలేస్తాడు, రెండూ కలిసినప్పుడు బేరం తెగుతుంది. మనం ఆట మూసేసి పడుకున్నా మన రేటు అక్కడ నిలబడే ఉంటుంది.

మీకు బుద్ధి చెప్పే ముందు నా సంగతి చెప్పాలి. డిగ్రీ రెండో సంవత్సరంలో నేనూ కొన్నాను. ఎనిమిది వందలు, మెస్ బిల్లుకని ఇంట్లోంచి తెచ్చిన డబ్బు. ఏదో వెబ్‌సైట్, ఎవరో మనిషి. వారాక్‌లో ఓ మూల కలిసి, ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ విండో తెరిచి, కోటి జీపీ, అంటే కోటి నాణేలు, నా చేతిలో పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా మాయమయ్యాడు. అంత గోల్డ్ ఆటలోని నా బ్యాంకులో అంతకుముందెప్పుడూ లేదు. ఆ వారం ఒక కవచం రేటు రోజూ పెరుగుతోందని అందరూ అంటుంటే ఉన్నదంతా పెట్టి కొనేశాను. నాలుగు రోజుల్లో సగానికి పడింది. ఎందుకు పెరిగిందో తెలియదు, ఎందుకు పడిందో తెలియదు. కొందరు కూడబలుక్కుని ముందే కొని దాచి, రేటు లేపి, నాలాంటి వాళ్ల నెత్తిన దించేసి పోయారని చాన్నాళ్లకి అర్థమైంది. ఆ నెల మెస్‌లో గుడ్డు మానేశాను. నాతో పాటే కొన్న మా రూమ్మేట్ అకౌంటు రెండు వారాలకి శాశ్వతంగా బ్యాన్ అయింది. మూడేళ్లు పెంచుకున్న అకౌంటు. అన్యాయమని అనలేం, అసలు డబ్బుకి గోల్డ్ కొనకూడదు, అమ్మకూడదు అని రూల్స్‌లో రాసే ఉంది. వాడు దొరికి నేనెందుకు దొరకలేదో ఇప్పటికీ తెలియదు.

ఆ సంక్రాంతి సెలవుల్లో మొదలైంది నా అసలు చదువు. మా నాన్నది తెనాలిలో కిరాణా కొట్టు. మధ్యాహ్నం కొట్టు కట్టేసి భోజనానికి వచ్చి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నా వెనక నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావురా?"

"విల్లులు నాన్నా. యూ చెట్టు దుంగ కొని, చెక్కి, నారి కట్టి అమ్ముతున్నా."

"దుంగ ఎంత? నారి ఎంత?" చెప్పాను. "విల్లు ఎంతకి పోతోంది?" అదీ చెప్పాను. వేళ్ల కణుపుల మీద లెక్కేసుకుని, "ఒక్కోదాని మీదా నీకు నష్టం కదరా" అన్నాడు. అప్పటికి వెయ్యి విల్లులు చేశాను. ఆ లెక్క ఒక్కసారైనా వేయలేదు. కష్టపడి తయారు చేస్తే లాభం దానంతట అదే వస్తుందని ఎక్కడో మనసులో పడిపోయింది.

అన్నం కలుపుకుంటూ ఇంకోటి అడిగాడు. "నష్టమైతే మిగతావాళ్లంతా ఎందుకు చేస్తున్నారు మరి?"

తమ్ముళ్లూ, ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే మీకు ఏ వెబ్‌సైటూ అక్కర్లేదు. వాళ్లు విల్లు కోసం చేయట్లేదు. దుంగ చెక్కితే 75 ఎక్స్‌పీ, అంటే లెవెల్ పెంచే అనుభవం పాయింట్లు, నారి కడితే ఇంకో 75 వస్తుంది. వాళ్లకి కావలసింది ఆ ఎక్స్‌పీ. రసం వాళ్లు తాగేస్తారు, విల్లు అనే పిప్పిని జీఈలో పారబోస్తారు. అందుకే ఈ ఆటలో చేసిన వస్తువు చాలాసార్లు ముడిసరుకు కంటే చవగ్గా ఉంటుంది. మన ఊళ్లో పత్తి కంటే చొక్కా చవగ్గా దొరికినట్టు. కొత్తగా వచ్చినవాడు పెట్టెడు విల్లులు చేసి, చేతులు కాల్చుకుని, "క్రాఫ్టింగ్‌లో డబ్బుల్లేవు" అని తేల్చేస్తాడు. డబ్బులున్నాయి. ఎక్స్‌పీ రాని విసుగు పనుల్లో ఉన్నాయి. పెద్ద లెవెల్ ఉంటే తప్ప చేయలేని పనుల్లో ఉన్నాయి. రోజుకి ఇన్నే అని కోటా ఉన్న సరుకులో ఉన్నాయి. వారాక్ డైరీ అనే పనుల జాబితా పూర్తి చేసినవాడికి జాఫ్ తన కొట్లో రోజూ కొన్ని బ్యాటిల్‌స్టాఫ్‌లు, అంటే మంత్రదండాలు, ఒక్కోటి 7,000కి ఇస్తాడు చూశారా, అలాంటివి. మీలో సగం మందికి ఆ డైరీ పూర్తయింది. ఒక్కరూ వెళ్లి తెచ్చుకోరు.

ఇక సీసాలు. మీరు నవ్విన సీసాల లెక్క ఒక్కసారి దగ్గరగా చూడండి.

ప్రేయర్ పోషన్ అనే మందు కలిపినప్పుడు మామూలుగా మూడు డోసుల సీసా వస్తుంది. హెర్బ్‌లోర్, అంటే మందులు కలిపే విద్యలో లెవెల్ పెంచుకునేవాళ్లు ఈ మూడు డోసులవి వేలకి వేలు చేసి, ఎంతొస్తే అంతకి వదిలించుకుంటారు. బాస్ అనే పెద్ద రాక్షసుడితో కొట్లాడేవాడికేమో నాలుగు డోసులది కావాలి. వాడి సంచిలో ఉన్నవి 28 గళ్లే, ఒక్కో గడిలో ఎంత ఎక్కువ పడితే అంత మంచిది. జీఈలో బాబ్ బార్టర్ అని ఆటలోనే ఉండే ఒకాయన నిలబడి ఉంటాడు. మీ మూడు డోసుల సీసాలన్నీ ఇస్తే నాలుగు డోసులవిగా సర్ది ఇస్తాడు. పైసా తీసుకోడు.

లెక్క కోసం రేట్లు నేను వేస్తున్నా, మీరు ఆడే రోజు రేట్లు మీరు చూసుకోండి. మూడు డోసులది 6,000, నాలుగు డోసులది 8,400 అనుకుందాం. నాలుగు వందల సీసాలు కొన్నాం, 24 లక్షలయింది. మొత్తం 1,200 డోసులు. బాబ్ దగ్గరికెళితే 300 నాలుగు డోసుల సీసాలయ్యాయి. అమ్మితే 25,20,000. లాభం 1,20,000 అని చంకలు గుద్దుకోకండి. అమ్మిన దాదాపు ప్రతిదాని మీదా రెండు శాతం పన్నుంది. సీసాకి 168 చొప్పున 50,400 పోతుంది. చేతిలో మిగిలేది 69,600. పన్ను ఒక శాతం ఉన్న రోజుల్లో ఇదే బేరం మీద 94,800 మిగిలేది. ఆ పన్ను 2021 డిసెంబరులో వచ్చింది, 2025 మే నెలాఖరులో రెట్టింపైంది. చాలామంది దాన్ని లాభంలోంచి వెళ్లే రెండు శాతం అనుకుంటారు. మొత్తం అమ్మకం మీద అది. పైన చెప్పిన బేరంలో లాభంలో నలభై శాతం పైనే తినేసింది.

మా నాన్న ఈ లెక్క చూసి ఒకే మాటన్నాడు. "మిగిలేది ఎంతో సరే, ఎన్నాళ్లకి అమ్ముడుపోతాయి?" ఆయన కొట్లో ఖరీదైన జీడిపప్పు కంటే ఉప్పు ప్యాకెట్ అంటే ఎక్కువ గౌరవం. మార్జిన్ గీసుకుంటే పైసల్లో ఉంటుంది, కానీ అటక మీద కూర్చోదు. మీరు ఫ్లిప్పింగ్, అంటే చవగ్గా కొని ఎక్కువకి అమ్మడం, మొదలుపెట్టి ఎవరూ కొనని టోపీ మీద మూడు లక్షల మార్జిన్ చూసి పడిపోతారు. అది పది రోజులు స్లాట్‌లో, అంటే జీఈలో ఒక్కో బేరం పెట్టుకునే గడిలో, కూర్చుంటుంది. డబ్బు కట్టి ఆడే మెంబర్‌కి ఉన్నది ఎనిమిది స్లాట్లు, ఫ్రీగా ఆడేవాడికి మూడు. మూడు స్లాట్లలో ఒకటి టోపీకి పోతే నీ కొట్టు మూడోవంతు మూసేసినట్టే. పోషన్లు, మంత్రాలకి వాడే రూన్లు, బాణాలు, తినే చేపలు, ఇవి రోజూ అరిగిపోయేవి. వాటి దగ్గరే ఉండండి. ఏ వస్తువైనా నాలుగు గంటలకి ఇన్నే కొనాలని పరిమితి ఉంటుంది, దాంతో ఎంత డబ్బున్నవాడైనా సరుకంతా ఒక్కడే ఎత్తుకుపోలేడు. మీలాంటి చిన్నవాళ్లకి మార్కెట్లో నిలబడే చోటు దొరికేది ఆ పరిమితి వల్లే.

సరే, ఐదొందల సంగతికొద్దాం. ఆ గోల్డ్ ఎక్కడ పుట్టిందని ఎప్పుడైనా ఆలోచించారా?

జీఈలో నేను సంపాదించే ప్రతి నాణెం ఇంకొకరి జేబులోంచి వచ్చిందే. మార్కెట్లో కొత్త గోల్డ్ పుట్టదు, చేతులు మారుతుంది, పన్ను రూపంలో కొంత చచ్చిపోతుంది కూడా. ఆ పన్నులో కొంతతో కంపెనీ మార్కెట్లోంచి వస్తువులు కొని చెరిపేస్తుంది. గోల్డ్ పుట్టేది వేరే చోట్ల. రాక్షసుడు చచ్చి నాణేలు రాల్చినప్పుడు పుడుతుంది. వస్తువుని నాణేలుగా మార్చే హై ఆల్కెమీ మంత్రం వేసినప్పుడు పుడుతుంది. మ్యాజిక్ 55 ఉన్నవాడు యూ లాంగ్‌బో మీద ఆ మంత్రం వేస్తే విల్లు పోయి 768 నాణేలు శూన్యంలోంచి ఊడిపడతాయి. అందుకే ఆ విల్లు రేటు ఎక్కువగా 768లోంచి ఆ మంత్రానికి ఖర్చయ్యే నేచర్ రూన్ ఖరీదు తీసేసిన చుట్టుపక్కలే తచ్చాడుతుంది. అంతకంటే పడితే మంత్రం వేసేవాళ్లు ఎగబడి కొనేస్తారు. నేను నష్టానికి చేసిన ఆ వెయ్యి విల్లులూ ఎటు పోయాయో ఇప్పుడర్థమైంది కదా, ఎవరో కాల్చి నాణేలు చేసుకున్నారు.

మీకు అమ్మేవాడి గోల్డ్ మాత్రం చాలావరకు బాట్లది. ఇరవై నాలుగు గంటలూ ఒకే చెట్టు కొట్టే ప్రోగ్రాములు, లేదా ఎవరి దగ్గరో కొట్టేసిన అకౌంట్లు. బాట్ ఏం చేస్తుంది? దుంగలు, చేపలు, తోళ్లు, ఫ్లాక్స్ అనే నార మొక్కలు గుట్టలు గుట్టలుగా తెచ్చి పోస్తుంది. వాటి రేటు పడిపోతుంది. నిజం చెప్పాలంటే నాలాంటి పాతకాపులకి దానివల్ల లాభమే, ముడిసరుకు చవగ్గా దొరుకుతుంది. దెబ్బ తగిలేది నిన్న చేరినవాడికి. ఆటలో కొత్తవాళ్లు మొదలుపెట్టే లంబ్రిడ్జ్‌లో ఆవుల్ని చంపి, తోళ్లు మోసుకుంటూ అల్ ఖరీద్ ఊరి దాకా నడిచి, తోలుకి ఒక్క నాణెం ఇచ్చి పదును చేయించుకుని, నలభై తోళ్లు జీఈకి పట్టుకొచ్చిన పిల్లాడికి. వాడి మధ్యాహ్నమంతా కలిపితే టీ డబ్బులు రావు. అప్పుడు వాడికి ఎవరో ఆ వెబ్‌సైట్ చూపిస్తారు. మీకు చూపించినట్టే.

ఇది కొత్త రోగమేం కాదు. 2007లో దొంగ క్రెడిట్ కార్డులతో మెంబర్‌షిప్పులు కట్టి గోల్డ్ తవ్వే ముఠాలు ఎంత పెరిగాయంటే, ఆ ఏడాది చివరి నుంచి 2008 జనవరి లోపు కంపెనీ ఆటలోని స్వేచ్ఛా వ్యాపారాన్నే కట్టిపడేసింది. ఇద్దరి మధ్య ట్రేడ్‌లో ఇచ్చిపుచ్చుకునే వాటి విలువలో తేడా 3,000 నాణేలు దాటకూడదు. అంటే చేతిలో ఉన్న కత్తిని స్నేహితుడికి ఊరికే ఇచ్చేద్దామన్నా కుదిరేది కాదు. నేనప్పటికి ఆటలోకి రాలేదు. ఆ రోజుల్లో ఉన్న ఒకాయన చెబుతుంటే, ఊళ్లో దొంగలు పడ్డారని అందరి ఇళ్లకీ తాళాలు వేసినట్టుంది కదా అనిపించింది. మూడేళ్లు ఆగి, ఆటగాళ్ల ఓటు పెట్టి, 2011 ఫిబ్రవరి 1న ఆ తాళాలు తీశారు. ఇప్పటికీ ఓల్డ్ స్కూల్‌లో కొత్త ఫ్రీ అకౌంటుకి ఇరవై గంటల ఆట, సాహసాలు పూర్తి చేస్తే వచ్చే క్వెస్ట్ పాయింట్లు పది, మొత్తం వంద లెవెల్స్ వచ్చేదాకా వ్యాపారం మీద ఆంక్షలుంటాయి. మీ చెల్లెలో తమ్ముడో కొత్తగా చేరి "అన్నా, ఇది అమ్మనివ్వట్లేదేంటి" అని అడిగితే, ఆ ఐదొందల పుణ్యమే అని చెప్పండి.

ఒక్క చోట నా గొంతు తగ్గుతుంది. వెనెజువెలాలో వాళ్ల కరెన్సీ కుప్పకూలినప్పుడు, ఎంతోమంది ఈ ఆటలో రోజంతా పచ్చ డ్రాగన్లని చంపి, ఎముకలూ తోళ్లూ అమ్మి, ఆ గోల్డ్‌ని డాలర్లకి మార్చుకుని ఇంట్లో పొయ్యి వెలిగించుకున్నారు. 2017లో ఆటలో వాళ్ల బొమ్మల్ని వెతికి ఎలా చంపాలో చెబుతూ ఎవడో గైడ్ రాస్తే అది ప్రపంచమంతా తిరిగింది. అది చదివి నాకు అన్నం సహించలేదు. వాళ్లది తప్పా అంటే రూల్ ప్రకారం తప్పే. నేను తిట్టలేను. కానీ తమ్ముళ్లూ, మీరు కొనేటప్పుడు అవతల ఉన్నది పొయ్యి వెలగని ఇల్లో, నలభై బాట్లు నడిపే మనిషో, కొట్టేసిన అకౌంటో మీకు తెలిసే దారి లేదు. ఆ డబ్బు వాళ్లకి సాయం చేయడానికి ఇచ్చానని మాత్రం నాతో అనకండి.

"నీకేం అన్నా, నాకు ఉద్యోగం, టైమ్ లేదు" అంటారు మీరు. నాకూ ఉద్యోగమే. పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట దిగేలోపు ఫోన్‌లో ఎనిమిది స్లాట్లూ నింపుతాను. 2018 అక్టోబరు నుంచి ఆట ఫోన్‌లోనూ ఉంది కదా. రాత్రి తినేసి తీసి చూస్తాను. సగం తెగి ఉంటాయి, ఒకటి రెండు రేటు మార్చాలి. రోజుకి అరగంట. మధ్యలో టెన్షన్ లేదు, ఎవడూ వెనక నుంచి కత్తి దించడు. కొత్త వస్తువు మొదలుపెట్టేటప్పుడు ఒక్కటి కాస్త ఎక్కువ రేటుకి కొంటాను, వెంటనే ఒక్కటి కాస్త తక్కువ రేటుకి అమ్ముతాను. ఎక్కువ రాసినా అవతల అమ్మకానికున్న రేటుకే దొరుకుతుంది, మిగిలింది వాపసొస్తుంది. ఆ రెండు రేట్ల మధ్య ఎడమెంతో తేలిపోతుంది. ఎడంలోంచి పన్ను తీసేసి ఏమైనా మిగిలితేనే ముందుకి. మీలో ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఆరుగురు. ఈ తీసివేతకి టైమ్ లేదంటే నేను నమ్మను.

జేబులోంచి డబ్బు పెట్టే తీరాలనుకుంటే బాండ్ అని ఆటలోనే ఒక వస్తువుంది. కంపెనీ దగ్గరే కొని జీఈలో అమ్ముకోవచ్చు, కొన్నవాడికి రెండు వారాల మెంబర్‌షిప్ వస్తుంది. మీ అకౌంటు ఎక్కడికీ పోదు. నాకు అదీ పెద్దగా నచ్చదు. నా పాత కోటిలాగే అది కూడా లెక్క తెలియని చేతికి వస్తే నాలుగు రోజులే. కానీ కనీసం దొంగసొత్తు కాదు.

అన్నట్టు, మా అమ్మ. 2025 ఆగస్టులో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రం చట్టం తెచ్చిందని టీవీలో చూసి ఫోన్ చేసింది. "నువ్వాడేది కూడా రమ్మీయేనా?" అని. మన దగ్గర రమ్మీ మీద తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లోనే నిషేధం పెట్టాయి, మా వీధిలో ఒకరు దాని వల్ల ఇల్లు అమ్ముకున్నారు, ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. "లేదమ్మా, నేను గెలిచినా ఆ గోల్డ్ ఆటలోంచి బయటికి రాదు, ఉప్పు ప్యాకెట్ కూడా కొనలేను" అన్నాను. నాన్న పక్కనుంచి, "వాడిది సీసాల వ్యాపారంలేవే" అన్నాడు. ఆ మాట అమ్మకి ధైర్యంగా చెప్పగలిగానంటే, ఆ ఎనిమిది వందల తర్వాత మళ్లీ ఎప్పుడూ కొనలేదు కాబట్టే. ఇదే మాట మీ అమ్మ అడిగితే మీలో కొందరు ఏం చెబుతారో ఆలోచించుకోండి.

క్లాన్ నుంచి ఎవరినీ తీసేయమని నేను అడగట్లేదు. లీడర్‌తో మాట్లాడాను, పాత సంగతులు తవ్వడం లేదు. ఆ వెబ్‌సైట్ లింకు మాత్రం మన చాట్‌లో మళ్లీ కనబడకూడదు.

వచ్చే శనివారం రాత్రి పదింటికి జీఈలో బాబ్ బార్టర్ పక్కన నిలబడి ఉంటాను. నీలం టోపీ. గోల్డ్ లేనివాళ్లకి తలా ఐదు లక్షలు నా బ్యాంకులోంచి అప్పు, వడ్డీ లేదు, నెలలోపు తిరిగివ్వాలి. మూడు డోసుల ప్రేయర్ పోషన్లకి శుక్రవారం రాత్రే రేటు వేసి పెట్టుకోండి, వారాంతంలో ఎగబడతారు, అప్పుడు చవగ్గా దొరకవు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. "ఖాళీ సీసాలు కొంటాం" అని అరిచినవాడు మాత్రం పావుగంట ముందే రావాలి, వాడికి వేరే పనుంది.

మీ
సీసాల అన్న